కరోకేలో మొదటి రాక్ పాట: అల్లుడికి మావయ్య ఉత్తరం

చిరంజీవి అల్లుడికి పాలకొల్లు నుంచి మావయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. సంక్రాంతికి నీ ఆఫీసు ఫ్రెండ్స్‌ని తీసుకొస్తున్నావనీ, కనుమ నాడు రాత్రి గోదావరి ఒడ్డున దిండి ఊళ్లో కరోకే (అదే, ట్రాక్‌లో వాయిద్యాలు మోగుతుంటే తెర మీద మాటలు చూసి పాడటం) పెట్టుకుంటున్నారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అన్నీ పాత ఇంగ్లీషు రాక్ పాటలేనట, వీడికి ఇప్పటినుంచే టెన్షన్ పట్టుకుంది, నువ్వేమన్నా చెప్పరా అంది. ఆర్కెస్ట్రాలో గిటార్ పట్టుకుని నిలబడ్డ ఆ కాలమంతా నేను గమనించింది ఒకటే, ఎవరి గొంతులో ఏ పాట నిలబడుతుంది, ఏది కూలబడుతుంది అని. అందుకే రాస్తున్నాను.

నువ్వు 'హోటల్ కాలిఫోర్నియా' పాడతానన్నావట. వద్దురా. పాట గొప్పదే, కాదనను. కానీ అసలు రికార్డు ఆరున్నర నిమిషాలు, అందులో చివరి రెండు నిమిషాలూ గిటార్లే. వాయించేవాడికి అది పండగ. మైకు పట్టుకున్నవాడికి మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు, ఎటు చూడాలో తెలీదు. ఈలోగా జనం లేచి పకోడీల వైపు వెళ్లిపోతారు. లెడ్ జెప్పెలిన్ వాళ్ల 'స్టెయిర్‌వే టు హెవెన్' అయితే ఎనిమిది నిమిషాలు, మెల్లగా మొదలై చివరికి కేకల్లోకి వెళ్తుంది. క్వీన్ వాళ్ల 'బొహీమియన్ రాప్సొడీ' మధ్యలో గొంతుల మీద గొంతులు పేర్చి రికార్డు చేశారు. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

పాట ఎంచుకునేటప్పుడు అందరూ మొదటి లైను పాడి చూసుకుంటారు. హాయిగా వచ్చేస్తుంది. రాక్ పాటల్లో మోసమంతా అక్కడే ఉంది. చరణం మాట్లాడుతున్నట్టు కింద నడుస్తుంది, పల్లవికొచ్చేసరికి పైకి లేస్తుంది. బాన్ జోవి వాళ్ల 1986 నాటి 'లివిన్ ఆన్ ఎ ప్రేయర్'లో ఇంకో గొడవ కూడా ఉంది. చివర్లో పాట శ్రుతే మారి పైకి జరుగుతుంది. అప్పటిదాకా ఎలాగోలా లాక్కొచ్చినవాడు కూడా అక్కడ చేతులెత్తేస్తాడు. కాబట్టి నువ్వు పాటని చివరినుంచి చూడు. ముందు ఆఖరి పల్లవి పాడు, ఆపకుండా రెండుసార్లు. మెడ నరాలు ఉబ్బకుండా, పక్కగదిలో ఉన్నవాణ్ణి పిలిచే గొంతుతో వచ్చేస్తే ఆ పాట నీకు పనికొస్తుంది. రాకపోతే ఎంత ఇష్టమైన పాటైనా బాత్రూమ్‌కే ఉంచుకో.

బీటిల్స్ బ్యాండు పాటలన్నీ తేలికని కూడా అనుకోకు. 'ట్విస్ట్ అండ్ షౌట్' రికార్డు చేసింది 1963 ఫిబ్రవరి 11న, రోజంతా పాడాక ఆఖరున. అది పాడిన జాన్ లెనన్ అసలే జలుబుతో ఉన్నాడు. ఆ బొంగురు వాళ్లకి కలిసొచ్చింది, మనకి మర్నాడు మాట పడిపోతుంది.

నా మాట వింటే ఆ బీటిల్స్ వాళ్లదే 'విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్' పాడు. 1967లో వచ్చింది. వాళ్లలో డ్రమ్స్ వాయించే రింగో స్టార్ పాడాడు. అతని గొంతు పెద్దగా పైకి వెళ్లదని తెలిసే లెనన్, మెకార్ట్నీ ఈ పాట కట్టారు. దాదాపు పాటంతా అయిదు స్వరాల్లోనే తిరుగుతుంది. మధ్యలో వెనకవాళ్లు ప్రశ్న అడుగుతారు, పాడేవాడు జవాబు చెబుతాడు. ఆ ప్రశ్నలు నీ ఫ్రెండ్స్‌కి అప్పగించు. వాళ్లూ పాడినట్టుంటుంది, నీకు ఊపిరి తీసుకోడానికి సందూ దొరుకుతుంది. ఆఖరి స్వరం ఒక్కటే పైన ఉంటుంది. దానికి రింగో కూడా భయపడ్డాడు! అక్కడ అందరూ కలిసి అరిచేయండి, ఎవరూ పట్టించుకోరు. ట్రాక్ వెతికేటప్పుడు మాత్రం బీటిల్స్ పేరు చూసి మరీ తీసుకో. జో కాకర్ పాడిన పద్ధతి వేరు, అందులో నిదానంగా మొదలుపెట్టి గొంతు చించుకోవాలి.

అది నచ్చకపోతే బాబ్ డిలన్ 1973లో ఓ సినిమా కోసం కట్టిన 'నాకిన్ ఆన్ హెవెన్స్ డోర్' ఉంది. రెండున్నర నిమిషాలు, రెండు చిన్న చరణాలు, పల్లవిలో ఒకటే లైను మళ్లీ మళ్లీ. ఇక్కడా గన్స్ ఎన్ రోజెస్ ట్రాక్ తగులుతుంది, జాగ్రత్త. అది పొడుగూ ఎక్కువ, ఎత్తూ ఎక్కువ. క్రీడెన్స్ వాళ్ల 'హావ్ యూ ఎవర్ సీన్ ద రెయిన్' కూడా చిన్న పాటే, మాటలు తొందరపెట్టవు. 'వియ్ విల్ రాక్ యూ' అయితే రెండు నిమిషాలే. కాళ్లతో రెండు దెబ్బలు, చేతులతో ఒక చప్పట, ఇంగ్లీషు రాని మీ తాతయ్య కూడా తాళం వేస్తాడు. చరణాలు సగం మాటల్లాగే ఉంటాయి కాబట్టి శ్రుతి భయం తక్కువ.

నీది మీ నాన్నలాగే కింది గొంతు. రాక్ పాడినవాళ్లలో చాలామందివి పై గొంతులు. అందుకని మెషీన్ మీద 'కీ' అని ఉండే బటన్ ముందే చూసిపెట్టుకో. మైనస్ ఒకసారి నొక్కితే హార్మోనియం మీద పక్కనున్న మెట్టుకి, నల్లదైనా తెల్లదైనా, దిగినట్టు లెక్క. రెండు మూడు తగ్గించినా ఎవరికీ తెలీదు. అయిదారు తగ్గించావంటే గిటార్లు పీపాలోంచి మోగినట్టుంటాయి, అప్పుడు పాటే మార్చుకోవడం నయం. పాట మొదలయ్యాక శ్రుతి మార్చకు.

మనవాళ్లకున్న ఇంకో అలవాటు చెప్పనీ. పౌరాణిక నాటకాల పద్యాలు విని పెరిగినవాళ్లం కదా, లైను చివర రాగం తీయకపోతే మనకి పాడినట్టుండదు. పద్యానికైతే వన్స్ మోర్ కొడతారు. ట్రాక్ అలా ఆగదు. నువ్వు రాగం ముగించేలోపు తెర మీద తర్వాతి లైను రంగు మారిపోతుంది. ఇక ఎంత పరిగెత్తినా అందుకోలేవు. మాట అయిపోగానే ఆపేయ్. ఒకవేళ తప్పిపోతే ఆ లైను వదిలేసి తర్వాతిది ఎత్తుకో.

మైకు జాలీని గుప్పిటతో మూయకు, స్పీకరుకి ఎదురుగా నిలబడకు, కుయ్యిమంటుంది. మీ బృందంలో బాగా పాడేవాడు దిగిన వెంటనే ఎక్కకు, మధ్యలో ఒకణ్ణి పోనివ్వు. పాడేముందు ఆత్రేయపురం పూతరేకులు ముట్టుకోవద్దు, ఆ పొడి గొంతులో పడితే దగ్గుతోనే సరిపోతుంది. నీ వాటా అత్తయ్య తీసి ఉంచుతుంది.

భోగికి ముందే ఏదో ఒక పాట ఆఖరి పల్లవి రికార్డు చేసి వాట్సాప్‌లో పంపించు. ఎన్ని మెట్లు తగ్గించాలో విని చెబుతాను.

మీ మావయ్య