పెద్ద చేనాయన్ని ముందు కలువు, అమ్మీ

అమ్మీ,

నువ్వు కరీబియన్ దీవి సెయింట్ లూసియాకు పోతాండావని మీ నాయన ఫోన్ చేసినప్పుడు తోటలో గెలలకు ఊతకర్రలు పెట్టిస్తాంటి. రెండు రోజులు ఎవరికీ చెప్పలే. మూడోనాడు టీ అంగడికాడ అందరికీ చెప్పినా. ఆ దేశమంతా కలిపినా మన కడప టౌనులో సగం జనం ఉంటారేమో అంటే, "అంత చిన్నదానికి పులివెందుల పిల్ల ఎందుకు?" అన్నారు. దీవుల రైతులను కలిపి అమ్మించే పని అని చెప్పినా. చెప్తాంటే గర్వంగానే ఉండింది, ఇంటికొచ్చినాక నిద్ర పట్టలే.

కాగితాలు రెండు జతలు తీసి పెట్టుకో. చెనిగ్గింజల పొడి మీ జేజి కట్టిస్తాది.

జూన్ నుంచి నవంబరు దాకా అక్కడ తుఫాన్లు. మనకు ఎండాకాలం గాలివానకే తెల్లారేసరికి తోట పడుకుంటాది. 2017లో మరియా తుఫానుకు అక్కడి డొమినికా దీవిలో ఇండ్ల పైకప్పులే లేసిపోయినాయి. అద్దె తక్కువని సముద్రం ఒడ్డున దిగినావో, నీతో మాట్లాడను. దీవులన్నీ కలిసి 2007లోనే తుఫాను బీమా పెట్టుకున్నాయంట, మరియా వచ్చిన రెండు వారాలకే డొమినికాకు డబ్బు చేరిందంట. మన పంట బీమా సంగతి నీకు తెలిసిందే.

నువ్వు పంపిన కాగితాలన్నీ చదివినా. 1958లో అక్కడి పది దీవులు ఒక సమాఖ్యగా కలిసినాయి. జనంలో సగం జమైకాదే. 1961లో ఆ జమైకా ఓటేసి మేం ఉండమనింది. పదిలో ఒకటి పోతే మిగిలేది సున్నా అని ట్రినిడాడ్ నాయకుడు ఎరిక్ విలియమ్స్ కూడా తప్పుకున్నాడు. 1962కు అంతా ముగిసింది. అక్కడ కాగితం పక్కన పెట్టేసినా.

నీకెవరూ చెప్పిండరు. 1996 ఎండాకాలం. పదకొండు మందిమి గంగమ్మ గుడికాడ మాటనుకున్నాం: అందరిదీ ఒకే రేటు, విడిగా ఎవరూ కోయకూడదు. పదిమందికీ ఎకరా, ఎకరన్నర. నాకు ఏడెకరాలు. వాళ్ళ లారీ నిండాలంటే నా కాయ కావాల, నా లారీ నిండేదానికి వాళ్ళ కాయ అక్కరలే. ఇది నాకు తెలుసు, వ్యాపారికి ఇంకా బాగా తెలుసు. ఒక రాత్రి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. టన్నుకు రెండు వందలు ఎక్కువ, తరుగు తీయడు, అడ్వాన్సు చేతిలో పెడతాడు. "రేపు చెప్తామను" అని మీ జేజి వంటింట్లోనుంచి అనింది. వినలే. తెల్లారేసరికి గెలలు కోయించినా.

లారీ పోతాంటే మీ జేజి అన్న దావలో ఎద్దులబండి ఆపి నిలబడినాడు. ఒక్క మాట అనలే. వారంలో అందరూ తలా ఒక రేటుకు అమ్ముకున్నారు. ఆయప్ప మాత్రం మాట మీద నిలబడినాడు. ఎకరా పావు కాయ చెట్టు మీదనే మాగిపోతే మేకలకు వేసినాడు. మరుసటేడు అదే వ్యాపారి నాకు టన్నుకు వంద తక్కువ చెప్పి, "నీ వెనక ఎవరుండారు పెద్దాయనా?" అని నవ్వినాడు. మీ జేజి ఆరేండ్లు పుట్టింటి గడప తొక్కలే.

నువ్వు చిన్న రైతుల మీటింగుల్లోనే తిరుగుతావు, నీ మనసు నాకు తెలుసు. ముందు పెద్ద చేనాయన దగ్గరికి పో. కలిస్తే నీకేం నష్టమని అడుగు. సిగ్గుపడి చెప్పడు. మళ్ళా అడుగు. లారీ బాడుగ నా మీదే ఎక్కువ పడతాందని నాకు లోపల ఉండింది. ఎవరూ అడగలే, నేనూ నోరు తెరవలే.

వాళ్ళ అరటికి దెబ్బ తగిలిందీ ఆ కాలంలోనే. కొండవాలు తోటల కాయకు యూరప్ విడిగా చోటిచ్చేది. లాటిన్ అమెరికాలో వ్యాపారముండే తన కంపెనీల కోసం అమెరికా, ఇంకో నాలుగు దేశాలను కలుపుకుని 1996లో ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసింది. 1997లో గెలిచింది. వేలమంది అరటి మానుకున్నారు. చిన్న దీవులు మాత్రం 1981లో కట్టుకున్న సంఘాన్ని విడవలే. 1986 నుంచి ఆస్పత్రి మందులు అందరికీ కలిపి కొంటాండారు. ఎనిమిది చోట్ల ఒకటే డాలరు, 1976 నుంచి అమెరికా డాలరుకు 2.70 లెక్కనే. వాళ్ళలో జమైకా అంతటి పెద్దది లేదు కాబట్టి నిలిచిందేమో. నువ్వు చూసి రాయి.

మీ జేజి అన్న నిన్న వచ్చినాడు. నువ్వు పోయే దీవిలో కాయ టన్ను ఎంతకు పోతాదో కనుక్కోమన్నాడు. మీ జేజితో అన్నాడు, నాకు వినపడేటట్ల.

మీ జేజినాయన