టెన్నిస్ బంతి సిరాజ్ టెస్టు బౌలర్ ఎలా అయ్యాడు?

భారత ఫాస్ట్ బౌలర్ మహ్మద్ సిరాజ్ టెన్నిస్ బంతితో గల్లీ మ్యాచ్‌లు ఆడుతూ పెరిగినవాడే. నాన్న హైదరాబాద్‌లో ఆటో నడిపేవారు. అసలు మలుపు 2016-17 రంజీ సీజన్: హైదరాబాద్ తరఫున 41 వికెట్లు. ఆ వెంటనే ఐపీఎల్ వేలంలో 20 లక్షల కనీస ధర కాస్తా 2.6 కోట్లయింది, సన్‌రైజర్స్ కొనుక్కుంది.

అయితే టెస్టుల్లో అతన్ని నిలబెట్టింది వేగం కంటే 'వాబుల్ సీమ్' అని నా అభిప్రాయం. సీమ్‌కు, అంటే బంతి మీది కుట్టుకు, అటూ ఇటూ వేళ్లు కాస్త ఎడంగా పెట్టి వదిలితే ఆ కుట్టు గాల్లో ఊగిసలాడుతూ వస్తుంది. బంతి నేలను తాకాక ఎటు తిరుగుతుందో బ్యాటరుకే కాదు, ఒక్కోసారి వేసినవాడికీ తెలీదు!

2021 జనవరిలో బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. అది అతనికి మూడో టెస్టు మాత్రమే. అప్పటికి తండ్రి పోయి రెండు నెలలు. అంత్యక్రియలకు కూడా రాకుండా ఆస్ట్రేలియాలోనే ఉండిపోయాడు.