ఫ్రెంచి పాటని మాటగా మార్చుకోవడం ఎలా? మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వ్యాకరణం పుస్తకం విసుగేసి పాటల్లో పడ్డావట. మంచిదే. కానీ యాభై పాటలు వరసపెట్టి చెవుల్లో మోగిస్తే రాగాలొస్తాయి గానీ ఫ్రెంచి రాదు. పది రోజులకి ఒక్క పాట చాలు.

ముందు జో దస్సాన్ 1969లో పాడిన 'లే షాంజెలిజే' తీసుకో, పారిస్‌లోని ఒక పెద్ద వీధి పేరది. ఉచ్చారణ తేటగా ఉంటుంది, నీకు కావలసిన వ్యాకరణం చాలావరకు అందులోనే దొరుకుతుంది. మొదటి రెండు రోజులు సాహిత్యం చూడకు. నాలుగేసి లైన్లు విని ఆపి, విన్నది విన్నట్టు కాగితం మీద రాయి. అందకపోతే వేగం 0.75కి తగ్గించు. ఇంకా తగ్గిస్తే మాటలు సాగిపోయి గుర్తుపట్టలేవు. తర్వాత అసలు సాహిత్యం పక్కన పెట్టుకుని ఎర్ర ఇంకుతో దిద్దుకో. యూట్యూబు తనంతట తాను వేసే సబ్‌టైటిల్స్‌ని మాత్రం నమ్మకు.

నీ తప్పుల్లో సగం మాటలు కలిసేచోటే పడతాయి. పాట పేరులోని 'షాం' విడిగా అంటే చివరి ఎస్ పలకదు. 'ఎలిజే' వచ్చి తగిలితే అదే 'జ' అయి వినిపిస్తుంది. సంధులు చదువుకున్నదానివి, నీకిది కొత్తేం కాదు.

ఇక క్రియలు. మొదటి చరణంలో 'జ మ్‌బలాదే' అంటే షికారు తిరుగుతూ ఉన్నాను, 'జ తే ది' అంటే నీతో అన్నాను. సాగుతూ ఉన్నది ఒక రూపం, జరిగిపోయింది ఇంకో రూపం. పుస్తకంలో నాలుగు పేజీల సూత్రాలు చదివేకన్నా ఈ రెండు ముక్కలు నోటికి పట్టించుకో. మధ్యలో వచ్చే 'స ఫ్యు త్వా'ని గుర్తుపడితే చాలు. అది రాతలో కనిపించే భూతకాలం, మాటల్లో వాడితే నవ్వుతారు.

'జావే ఆంవీ ద' దగ్గర ఒకరోజు ఆగు. మనం 'నాకు అనాలనిపించింది' అంటాం, వాళ్ల వాక్యం 'నేను'తో మొదలవుతుంది. మనవాళ్లు 'నాకు'ని వెతుక్కుంటూ అక్కడే తడబడతారు. ఆ ముక్క తర్వాత తినడం, పడుకోవడం, వెళ్లిపోవడం అంటూ ఐదు క్రియలు మార్చి మార్చి పెట్టి చూడు. రెండో చరణంలో 'ఓ నా షాంతే' అంటే మనం పాడాం. క్లాసులో 'మనం'కి 'నూ' అని వల్లె వేయిస్తారు గానీ, బయట మాటల్లో ఎక్కువగా వినిపించేది ఈ 'ఓ'నే. క్రియ మాత్రం ఏకవచనంలో ఉంటుంది, మరిచిపోకు.

పాటకి పది మాటలకి మించి నోట్‌బుక్కులోకి ఎక్కించకు. నామవాచకాన్ని పుంలింగమైతే 'అం', స్త్రీలింగమైతే 'యూన్' చేర్చే రాయి. పాటలో 'సుర్ లావెన్యూ' అని వస్తుంది కదా, ఆ 'ల' లింగాన్ని మింగేసింది. 'యూన్ ఆవెన్యూ' అని రాసుకుంటేనే స్త్రీలింగమని గుర్తుంటుంది.

పాట మోసం చేసే చోటు కూడా చెబుతాను. పాడేటప్పుడు మాట చివర రాతలో ఉండి పలకని ఇ (e) అక్షరాన్ని కూడా పలికిస్తారు. పిల్లల పాటలో 'ఫ్రేర జాక' అని సాగుతుంది, మాటల్లో అది 'ఫ్రేర్ జాక్'. పాటలోలాగే మాట్లాడితే ఎదుటివాళ్లకి వింతగా ఉంటుంది. అందుకే ఏడో రోజు నుంచి పాడటం ఆపి, అవే లైన్లు రాగం లేకుండా చదివి ఫోన్లో రికార్డు చెయ్యి. చివరి రోజు సాహిత్యం మూసేసి, పాటలోని ఇద్దరూ ఎలా కలిశారో, ఎక్కడికి వెళ్లారో ఆరు వాక్యాల్లో సొంతంగా చెప్పు. తడబడిన వాక్యం ఏదో దానికి సంబంధించిన చరణానికే తిరిగి వెళ్లు, పాటంతా మళ్లీ వద్దు.

తర్వాత ఎదిత్ పియాఫ్ 1960లో పాడిన 'నోం, జ న రెగ్రెత్ రియాఁ' పట్టుకో, వ్యతిరేకార్థం కోసం. అందులో 'లేదు, కాదు' అని చెప్పే 'న' నిండుగా పలుకుతుంది, మాటల్లో అది తరచుగా ఎగిరిపోతుంది. ఆపైన స్త్రోమాయ్ 2013 నాటి 'పాపాఊతే'. 'పాపా, ఊ తే', అంటే 'నాన్నా, ఎక్కడున్నావు' అనడాన్ని విన్నట్టే కలిపి రాసిన పేరది. 'త్యు ఎ' కుంచించుకుని 'తే' ఎలా అయిందో అక్కడ వింటావు.

దస్సాన్ పాట రికార్డింగు పంపు, విని దిద్దుతాను.

మీ మామయ్య