సరస్సుల సంరక్షణా, చెరువుల పరిరక్షణా?

సందేహం: హైదరాబాద్‌లో పక్షుల్ని చూడ్డానికి వెళ్లేవాళ్లం కొందరం కలిసి ఒక సంస్థ పెట్టుకున్నాం. పేరులో ‘పక్షి ప్రేమికులు’ అని ఉంది. ఇప్పుడు మా పనంతా చెరువుల చుట్టూనే. అందుకని ‘సరస్సుల సంరక్షణ సమితి’ అని పేరు మార్చాలనుకుంటున్నాం. ‘సంరక్షణ’ కాదు, ‘పరిరక్షణ’ అనాలని కొందరి పట్టు. ‘చెరువుల’ అని పెడితే వైరి సమాసం అవుతుందని మరొకరు భయపెట్టారు. ఏది సరైనది? ప్రకటనలో ‘పునర్నామకరణం చేయబడినది’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీరు అడగని ‘సరస్సు’తోనే మొదలుపెడతాను, నాకు అసలు అభ్యంతరం దాని మీదే కాబట్టి. అమరకోశం తటాకాన్నీ కాసారాన్నీ సరస్సునూ ఒక్కచోటే చెప్పింది. సంస్కృతంలో పెద్ద తేడా పాటించకపోయినా తెలుగు వాడుక పాటించింది. కొల్లేరు, పులికాట్ లాగా దానంతటది ఏర్పడ్డదాన్ని సరస్సు అంటాం. మనుషులు కట్ట పోసి నీటిని ఆపితే చెరువు. దుర్గం చెరువు, మీరాలం చెరువు, 16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీల కాలంలో తయారైన హుస్సేన్ సాగర్, ఇవన్నీ కట్టించినవే. ‘చెరువు’ అన్నారంటే దాని వెంట కట్ట, తూము, మత్తడి (అలుగు), నీళ్లు తగ్గినప్పుడు బయటపడే శిఖం భూమి అన్నీ వస్తాయి. కబ్జాలు మొదలయ్యేది ఆ శిఖంలోనే. మీరు కాపాడాలనుకుంటున్నది నీటిని ఒక్కదాన్నే కాదు కదా! ‘సరస్సు’ను అపార్ట్‌మెంట్ల బ్రోషర్లకు వదిలేయండి.

ఇక వైరి సమాసం. ఆ భయం ఇక్కడ అనవసరం. తెలుగు మాటను సంస్కృత పద్ధతిలో సమాసం చేస్తేనే పెద్దలు తప్పుపట్టారు. ‘చెరువుల’ అన్నది తెలుగు షష్ఠీ రూపం. దాని తర్వాత ఏ సంస్కృత పదమైనా హాయిగా నిలుస్తుంది. ‘పిల్లల సంరక్షణ’ అంటే ఎవరూ ఉలిక్కిపడరు. పైగా చిన్నయసూరి బాలవ్యాకరణమే సమాసాలను సాంస్కృతికం (సంస్కృత పదాలతో), ఆచ్ఛికం (తెలుగు పదాలతో), మిశ్రం (రెండూ కలిసి) అని మూడు రకాలుగా చెప్పింది. మిశ్రానికి అక్కడే చోటుంది.

‘సంరక్షణ’, ‘పరిరక్షణ’ రెండింటిలోనూ ఉన్నది ‘రక్షణే’. ‘సం’ అంటే బాగా, ‘పరి’ అంటే చుట్టూ, అన్ని వైపులా. నిఘంటువు ప్రకారం ఏదైనా చెల్లుతుంది. మన చట్టాల పేర్లే ఒక దారిన నడవలేదు. 1972 నాటిది వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1986 నాటిది పర్యావరణ పరిరక్షణ చట్టం. ఇంగ్లీషులో రెంటికీ ‘ప్రొటెక్షన్’ అనే ఉంది. 1980 నాటి అటవీ చట్టం పేరును 2023లో ‘వన్ (సంరక్షణ్ ఏవం సంవర్ధన్) అధినియమ్’ అని మార్చారు. అది హిందీ వాడుక, మనల్ని కట్టిపడేయదు. తెలుగులో ‘సంరక్షణ’ అనగానే పిల్లలు, వృద్ధులు, రోగులు గుర్తొస్తారు. దగ్గరుండి కనిపెట్టుకోవడం అన్న ఛాయ దానిది. హాని చేసేవాళ్ల నుంచి కాపాడటానికి ‘హక్కుల పరిరక్షణ’ అన్నట్టు ‘పరిరక్షణ’ వాడతాం. చెరువుకు రెండూ కావాలి గానీ, హైదరాబాద్ పరిస్థితుల్లో నా ఓటు ‘పరిరక్షణ’కే. ‘సమితి’ బాగానే ఉంది, ఉంచేయండి.

పేరు మారితే పాత గుర్తింపు పోతుందని మీలో కొందరికి టెన్షన్ ఉండవచ్చు. 1961లో ‘వరల్డ్ వైల్డ్‌లైఫ్ ఫండ్’గా పుట్టిన సంస్థ 1986లో ‘వరల్డ్ వైడ్ ఫండ్ ఫర్ నేచర్’ అయింది. డబ్ల్యుడబ్ల్యుఎఫ్ అన్న పొడి అక్షరాలూ పాండా గుర్తూ కొనసాగుతున్నాయి. అమెరికా, కెనడాల్లో పాత పేరే నడుస్తోంది. మరోపక్క 1883లో పుట్టిన ‘బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ’ ఊరి పేరు ముంబయిగా మారినా తన పేరు మార్చుకోలేదు. కాబట్టి మార్చి తీరాలన్న నియమం లేదు. మీ పని మారింది గనుక మారుస్తున్నారు, అది సబబే.

‘పునర్నామకరణం’ వ్యాకరణం ప్రకారం తప్పు కాదు. కానీ నామకరణం అంటే జనానికి బారసాలే గుర్తొస్తుంది. ‘చేయబడినది’ మరీ దస్తావేజు భాష. ‘మా సంస్థ పేరు మార్చుకున్నాం’ అని రాసి, కింద కొత్త పేరు పెద్దక్షరాల్లో వేయండి. కొన్నేళ్లపాటు లెటర్‌హెడ్ మీద, రసీదుల మీద ‘ఇదివరకటి పేరు’ అని పాతది కూడా ఉంచితే చందాలిచ్చేవాళ్లు తికమకపడరు.