రాకెట్ కేంద్రం కోనసీమకు రాకుండా శ్రీహరికోటకే ఎందుకు వెళ్లింది?

మన అంతర్వేది, ఓడలరేవు దగ్గరా ఉన్నది అదే బంగాళాఖాతం కదా, మరి 1969లో శ్రీహరికోటనే ఎందుకు ఎంచుకున్నారన్నది ప్రశ్న. అసలు కారణం జనం పలచగా ఉన్న విశాలమైన నేల.

1963లో కేరళలోని తుంబా నుంచి చిన్న రాకెట్లు ఎగరడం మొదలైంది. ఉపగ్రహాన్ని మోసే రాకెట్‌ను తూర్పు దిక్కుగా వదిలితే భూభ్రమణ వేగం కలిసివస్తుంది. పడమటి తీరం నుంచి అలా వదిలితే దారంతా ఊళ్లే. అందుకే భారత అంతరిక్ష కార్యక్రమానికి ఆద్యుడైన విక్రమ్ సారాభాయ్ హయాంలో తూర్పు తీరం వైపు చూశారు.

భూమధ్యరేఖకు దగ్గర కావడమే కారణమని చాలామంది చెబుతారు. అది మనకూ శ్రీహరికోటకూ మధ్య తేల్చే విషయం కాదు. శ్రీహరికోట 13.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంటే అంతర్వేది సుమారు 16.3 మీద ఉంది. భూభ్రమణ వేగంలో తేడా సెకనుకు ఆరు మీటర్లలోపే.

కోనసీమలో కొబ్బరితోట దాటితే వరిచేను, చేను దాటితే ఇంకో ఊరు. ప్రయోగం వికటిస్తే శకలాలు పడటానికి ఖాళీ జాగా ఏది? శ్రీహరికోట సుమారు 175 చదరపు కిలోమీటర్ల దీవి. ఒక పక్క పులికాట్ సరస్సు, మరో పక్క సముద్రం. అయితే అది నిర్మానుష్యమని రాయడం అన్యాయం. తరతరాలుగా అడవినీ చేపల వేటనూ నమ్ముకుని అక్కడ బతికిన యానాది గిరిజనులు రాకెట్ కేంద్రం కోసం దీవి విడిచి వెళ్లాల్సివచ్చింది. ఈ చరిత్ర చెప్పేటప్పుడు వాళ్ల పేరు తప్పకుండా రావాలి.

అక్కడి నుంచి తొలి రాకెట్, రోహిణి అనే చిన్న రాకెట్, 1971 అక్టోబరులో ఎగిరింది. 1979లో ఉపగ్రహాన్ని మోసే ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ తొలి ప్రయోగం విఫలమైనా, 1980 జులై 18న అదే రకం రాకెట్ రోహిణి పేరే ఉన్న ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఈ కేంద్రానికి ఇస్రో మాజీ అధిపతి సతీష్ ధావన్ పేరు 2002లో పెట్టారు.