దావా కొట్టివేసిన సంగతి దాచి డబ్బు తీసుకున్న లాయరు మీద డల్లాస్ నుంచే చర్య తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. చాలా ఏళ్లుగా అమెరికాలోని డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. విద్యానగర్‌లో మా నాన్నగారు 1987లో కొన్న స్థలంలో కొంత భాగాన్ని పక్కవారు 2017లో కలుపుకొని గోడ కట్టారు. నాన్నగారు పోయాక, 2019లో సెలవు మీద వచ్చి, విజయవాడలో తెలిసిన లాయరు గారి ద్వారా గుంటూరు కోర్టులో దావా వేశాను. వకాల్తా మీద, అవసరం పడుతుందంటే మరో రెండు తెల్ల కాగితాల మీద సంతకాలు చేసి, అసలు దస్తావేజు కూడా ఆయన చేతికే ఇచ్చాను. ఎప్పుడు అడిగినా వాయిదా పడిందనేవారు. స్టాంపులనీ, కోర్టు నియమించే కమిషనర్ ఫీజనీ అడిగినప్పుడల్లా పంపాను. చివరగా 2025 జనవరిలో 40 వేలు పంపాను. ఈమధ్య మా బాబాయి కొడుకు విచారిస్తే, దావాను 2023 ఆగస్టులోనే కొట్టివేశారని తేలింది. కాగితాలు ఇమ్మంటే మూడు లక్షల ఫీజు బాకీ ఉందంటున్నారు. ఆయన మీద వినియోగదారుల కోర్టుకు వెళ్లవచ్చా? ఇండియా రాకుండా ఏం చేయగలను? – ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరం నిండా లాయరు మీద కోపమే ఉంది. ఆ కోపం న్యాయమైనదే. కానీ పక్కవారి గోడ సంగతి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. మీరు పోగొట్టుకోబోతున్నది స్థలం. లాయరు మీద ఫిర్యాదు నెల ఆలస్యమైనా నిలుస్తుంది. కొట్టివేసిన దావాను తిరిగి తెరిపించే దరఖాస్తు మాత్రం మీరు సంగతి తెలుసుకున్న తరువాత ఆగే ప్రతి రోజుకూ జడ్జిగారికి సంజాయిషీ చెప్పుకోవాల్సిన వ్యవహారం. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీ తమ్ముడు కోర్టుకు వెళ్లి ఎవరినో అడిగి తెలుసుకున్నది చాలదు. ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ దావాకు 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు, అంటే ఆ కేసుకే ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య, ఉంటుంది. అది తెలియకపోతే మీ పేరుతోనూ వెతకవచ్చు. వాయిదాల పట్టికలో ఒక్కో తేదీని నొక్కితే ఆ రోజు కోర్టులో ఏం జరిగిందో కనిపిస్తుంది. దావా కొట్టివేసిన రోజు డాకెట్ ఆర్డరుకు, అంటే ఆ రోజు జడ్జిగారు కేసు కట్టలో రాసిన ఉత్తర్వుకు, కాపీ అప్లికేషన్ వేయించి సర్టిఫైడ్ నకలు తీసుకోండి. అందులో ‘వాదిని పిలవగా హాజరు కాలేదు, వాది తరఫున ఎవరూ లేరు’ అన్న అర్థం వచ్చే మాట ఉంటుంది. దాని పక్కనే ప్రతివాది గానీ, ఆయన లాయరు గానీ హాజరయ్యారా లేదా అన్నది జాగ్రత్తగా చూడండి. మీ కేసు ఏ దారిన పోతుందన్నది ఆ ఒక్క ముక్క మీదే ఆధారపడి ఉంది.

ఆ రోజు ఇరుపక్షాలూ రాకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ తొమ్మిదో ఆర్డరు నాలుగో రూలు ప్రకారం, కాలపరిమితి మించనంతవరకు, కొత్త దావా వేసుకునే వీలుంది. హక్కును బట్టి స్థలం స్వాధీనం కోరే దావాకు 12 ఏళ్ల గడువు ఉంటుంది. గోడ 2017లో లేచింది కాబట్టి మీకింకా సమయం ఉంది. ప్రతివాది హాజరై మీ వైపు ఎవరూ లేకపోతే మాత్రం కథ వేరు. అదే విషయం మీద కొత్త దావా వేయడానికి అదే ఆర్డరులోని తొమ్మిదో రూలు ఒప్పుకోదు. పాత దావానే తెరిపించుకోవాలి. దానికి గడువు కొట్టివేసిన రోజు నుంచి 30 రోజులు. మీకు అది ఎప్పుడో దాటిపోయింది కాబట్టి, లిమిటేషన్ చట్టం ఐదో సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని కోరే పిటిషన్ కూడా కలిపి వేయాలి.

ఆ పిటిషన్‌లో ‘అంతా మా లాయరు తప్పే’ అని రాస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. లాయరు చేసిన తప్పుకు అమాయకుడైన కక్షిదారు బలి కాకూడదని సుప్రీంకోర్టు 1981లోనే చెప్పింది. ఆ మాటను ప్రతి ఆలస్యం పిటిషన్‌లోనూ ఉటంకిస్తాం. అదే సుప్రీంకోర్టు 2024 నవంబరులో, తన కేసు ఏమైందో కనుక్కోవలసిన బాధ్యత కక్షిదారుకూ ఉంది, నెపమంతా లాయరు మీద నెట్టి తప్పుకోవడం కుదరదని కూడా చెప్పింది. అవతలి లాయరు రెండోది పట్టుకుని వస్తారు. అంటే మీరు ఊరుకోలేదని, అడుగుతూనే ఉన్నారని, ఆయన అబద్ధం చెబుతూ వచ్చారని చూపించాలి.

దానికి ఆధారం మీ ఫోనులోనే ఉంది. 2023 ఆగస్టు తరువాత మీరు వాట్సాప్‌లో ‘వాయిదా ఏమైందండీ’ అని అడిగిన ప్రతి సందేశం, ‘వచ్చే నెలకు పడింది’ అని ఆయన ఇచ్చిన ప్రతి జవాబు, ఆపైన పంపిన ప్రతి రూపాయి తేదీల వారీగా ఒక కాగితం మీద రాయండి. ఒక పక్క ఆయన చెప్పింది, రెండో పక్క ఆ తేదీకి కోర్టు రికార్డులో ఉన్నది. ముగిసిపోయిన దావాలో కమిషనర్ ఫీజు ఎక్కడి నుంచి వస్తుంది? 2025 జనవరి నాటి ఆ 40 వేలు మీకు నష్టమే కావచ్చు గానీ, మీ చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం అదే. ఫోను మార్చకండి, సందేశాలు చెరపకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ అడిగే ధ్రువపత్రాన్ని కొత్త లాయరు తయారుచేస్తారు.

కొత్త లాయరు అంటే గుర్తొచ్చింది. పాత వకాల్తా ఇంకా పాత లాయరు పేరునే ఉంది. ఆయన ‘అభ్యంతరం లేదు’ అని సంతకం పెట్టనంటే కోర్టు అనుమతితో మార్చుకోవచ్చు. దానికోసం ఆయన గుమ్మం ఎక్కనక్కరలేదు. లాయరు మీద కేసును ఇంకో లాయరు పట్టుకోరని మన బెజవాడ, గుంటూరు ప్రాంతంలో ఒక మాట ఉంది. అది పూర్తిగా అబద్ధమని నేను అనను. అలాంటి ఇబ్బంది ఎదురైతే ఆయన రోజూ కూర్చునే బార్ అసోసియేషన్‌తో సంబంధం లేని ఊరి నుంచి లాయరును పెట్టుకోండి.

ఇక ఆ పాత లాయరు సంగతి. మూడు లక్షలు కడితేనే కాగితాలు ఇస్తాననడానికి ఆయనకు ఏ హక్కూ లేదు. ఫీజు బాకీ నిజంగా ఉన్నా సరే, కక్షిదారు కేసు కట్టను ఆపి ఉంచుకునే అధికారం లాయరుకు లేదని, అలా ఆపడం వృత్తి దుష్ప్రవర్తనేనని సుప్రీంకోర్టు 2000లో తేల్చింది. బాకీ ఉంటే ఆయన దావా వేసుకోవాలి. దస్తావేజు గురించి మరీ గాభరా పడకండి. అసలు ప్రతిని కోర్టులో దాఖలు చేసి ఉంటే అది ఆయన దగ్గర ఉండదు, కోర్టు నుంచే తీసుకోవాలి. లేకపోయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ నకలు దొరుకుతుంది.

నన్ను కలవరపెట్టింది ఆ రెండు తెల్ల కాగితాలు. తెలిసినవారు కదా అని ఖాళీ కాగితం మీద సంతకం చేసే అలవాటు మనవాళ్లకు ఎప్పుడు పోతుందో తెలియదు. వాటిని రాజీ పత్రంగానో, అమ్మకం ఒప్పందంగానో మార్చడానికి ఒక పూట చాలు. ఇచ్చిన అధికారాలన్నీ రద్దు చేస్తున్నానని, ఫలానా సందర్భంలో రెండు ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకున్నారని, వాటిని తిరిగి ఇవ్వాలని, అందినట్టు రుజువు ఉండేలా స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. ఈమెయిల్‌లో కూడా పంపండి. స్థలం మీద ఈసీ (రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, మీకు తెలియని లావాదేవీ ఏదీ లేదని నిర్ధారించుకోండి.

వినియోగదారుల కోర్టు దారి మూసుకుపోయింది. లాయరు సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు మీద నాకు వేరే అభిప్రాయం ఉన్నా, మీకు అది అక్కరకు రాదు.

మీకున్న తలుపు లాయర్ల నమోదునూ క్రమశిక్షణనూ చూసే రాష్ట్ర బార్ కౌన్సిల్. ఆయన పేరు ఆంధ్రప్రదేశ్ జాబితాలో ఉంటే అమరావతిలోని బార్ కౌన్సిల్‌కు, తెలంగాణ జాబితాలో ఉంటే అక్కడికి ఫిర్యాదు చేయాలి. అడ్వొకేట్ల చట్టం 35వ సెక్షన్ కింద దీనికి లాయరును పెట్టుకోవాలన్న నియమం లేదు. ఫిర్యాదు తెలుగులోనే రాయవచ్చు. అర్జీ మీద మీరు సంతకం చేసి, అందులోని విషయాలు నిజమని ధ్రువీకరించి, నిర్ణీత రుసుము జతచేయాలి. క్రమశిక్షణ కమిటీ మామూలుగా పత్రాలు, అఫిడవిట్ల మీదే విచారణ సాగిస్తుంది. సాక్షిని ప్రశ్నించడం అవసరమనుకుంటేనే పిలుస్తుంది. డల్లాస్‌లో ఉన్న మీకు ఇది పెద్ద వెసులుబాటు. ఏడాదిలోగా తేల్చకపోతే విచారణ ఢిల్లీలోని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుంది. తప్పు రుజువైతే మందలింపు నుంచి, కొంతకాలం ప్రాక్టీసు నిలిపివేత, జాబితా నుంచి పేరు తొలగింపు వరకు శిక్ష ఉండవచ్చు. ఫిర్యాదులో తిట్లు వద్దు. కేసు సరిగా నడపలేదన్నది అసమర్థత కింద కొట్టుకుపోతుంది. దావా పోయాక కూడా ఉందని చెప్పి డబ్బు తీసుకోవడం అలా పోదు. ఫిర్యాదంతా దాని మీదే నిలబెట్టండి. ఆ ఫిర్యాదు నకలు ఆలస్యం పిటిషన్‌కు కూడా జతచేయండి. లాయరు మోసం చేశాడంటున్నారు, మరి ఆయన మీద మీరు ఏం చేశారు అన్న ప్రశ్న జడ్జిగారి నుంచి తప్పకుండా వస్తుంది.

బార్ కౌన్సిల్ మీ డబ్బు ఇప్పించదు. దానికి సివిల్ దావా వేయాలి. మోసం బయటపడిన రోజు నుంచి మూడేళ్ల గడువు ఉంది. పోలీసు కేసు పెట్టడానికీ ఆస్కారం ఉంది. 2024 జూలై 1కి ముందు తీసుకున్న డబ్బుకు పాత శిక్షాస్మృతి 420వ సెక్షన్, ఆ తరువాతి దానికి భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ వర్తిస్తాయి. ఫిర్యాదును ఆన్‌లైన్‌లో పంపవచ్చు గానీ మూడు రోజుల్లో సంతకం చేయాలన్న షరతు ఉంది. అందుకే మీ తమ్ముడి చేత ఇప్పించడం సులువు. స్టేషన్‌లో తీసుకోకపోతే గుంటూరులో ఎస్పీకి, విజయవాడలో పోలీసు కమిషనర్‌కు పోస్టులో పంపి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లాలి. అయితే పోలీసు కేసుతో మొదలుపెట్టకండి. డాకెట్ నకలు చేతికి రాకముందే స్టేషన్‌కు వెళితే ‘ఇది సివిల్ వ్యవహారం’ అని పంపించివేస్తారు.

ఇవన్నీ మీ తరఫున నడపడానికి తమ్ముడికి స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే ఈ పనుల వరకే అధికారమిచ్చే పత్రం, ఇవ్వండి. జనరల్ వద్దు, అమ్మే అధికారం అసలే వద్దు. టెక్సస్ నోటరీ ముందు సంతకం చేసి అపోస్టిల్ (పత్రం విదేశంలో చెల్లడానికి అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) వేయించుకోవచ్చు, లేదా హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్ ద్వారా ధ్రువీకరించుకోవచ్చు. పత్రం ఇండియా చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు సుంకం కట్టించాలి. ఈ గడువు మరిచిపోయి తలలు పట్టుకున్నవారు చాలామంది ఉన్నారు. లాయరు గారితో మీకు స్వయంగా జరిగిన సంభాషణల మీద మాత్రం తమ్ముడు సాక్ష్యం చెప్పలేడు. అది మీరే చెప్పాలి. వీడియో ద్వారా చెప్పడానికి అనుమతి అడగవచ్చు.

నోటీసు అందగానే ఆయన రాజీకి రావచ్చు. పెద్దమనుషులతో కబురు పంపుతారు, డబ్బు వెనక్కి ఇస్తామంటారు. తీసుకోండి, బ్యాంకు ద్వారానే తీసుకోండి. తెల్ల కాగితాలతో సహా అన్నిటినీ రసీదు మీద వెనక్కి తీసుకోండి. కానీ ‘లాయరు గారి తప్పేమీ లేదు, దావా నాకు తెలిసే పోయింది’ అన్న అర్థం వచ్చే కాగితం మీద సంతకం చేయకండి. అది ఆలస్యం పిటిషన్‌కు ఉరితాడు అవుతుంది. ఇరుపక్షాలు రాజీ పడ్డారన్న ఒక్క కారణంతో క్రమశిక్షణ విచారణ ఆగదని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. కాబట్టి డబ్బు ఇచ్చారు కదా, ఫిర్యాదు మాటేమిటి అని వారు అడిగితే, అది ఇక నా చేతిలో లేదండీ అని చెప్పండి.