పాక్స్6 లేని ఎలుకల్లో మొదట న్యూరాన్లు ఎక్కువ, పుట్టేసరికి కార్టెక్స్ పలుచన: ఎందుకు?

పాక్స్6 అనే జన్యువు లేని ఎలుకల పిండాల్లో మొదట న్యూరాన్లు మామూలుకన్నా ఎక్కువ కనిపించాయనీ, పుట్టేసరికి మాత్రం కార్టెక్స్ (మెదడు బయటి భాగం) పలుచబడిందనీ అడిగారు కదా. ఈ రెండు ఫలితాలకూ కారణం ఒకటే అయ్యుండాలి. పాక్స్6 లేకపోతే ప్రొజెనిటర్ కణాలు (విభజన చెందుతూ న్యూరాన్లను పుట్టించే మూల కణాలు) తొందరపడి విభజన మానేసి న్యూరాన్లుగా మారిపోతాయి. అందుకే 12వ రోజు పిండంలో మీకు న్యూరాన్లు ఎక్కువ కనిపించాయి. విత్తనాల గింజలే వండుకు తినేస్తే తర్వాతి పంటకు ఏం మిగులుతుంది? అలాగే ఇక్కడా, కార్టెక్స్ పొరల్లో ముందే పుట్టే లోపలి 5, 6 పొరలు చాలావరకు నిలుస్తాయి, ఆలస్యంగా పుట్టే పై పొరలు బాగా దెబ్బతింటాయి.

న్యూరాన్ల లెక్కతో ఆగిపోకండి. విభజన నుంచి తప్పుకున్న కణాల నిష్పత్తి తీయండి:

1. గర్భంతో ఉన్న ఎలుకకు ఈడీయూ (విభజనకు ముందు డీఎన్ఏ కాపీ చేసుకుంటున్న కణాల్లో చేరి గుర్తుగా నిలిచే పదార్థం) ఇచ్చి, 24 గంటలకు పిండాల మెదడు సేకరించండి. (ఇదే పని చేసే బీఆర్‌డీయూ కన్నా ఇదే నయం, యాసిడ్ ట్రీట్‌మెంట్ అక్కర్లేదు.)
2. ఈడీయూ, కేఐ67 (ఇంకా విభజనలో ఉన్న కణాల్లో కనిపించే ప్రోటీన్) రెండింటికీ స్టెయిన్ చేయండి.
3. ఈడీయూ ఉండి కేఐ67 లేని కణాల సంఖ్యను మొత్తం ఈడీయూ కణాలతో భాగించండి.

ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే: పాక్స్6 కార్టెక్స్ అంతటా సమానంగా ఉండదు. ముందువైపు, పక్కలకు ఎక్కువ. వెనక, మధ్యగీత దగ్గర తక్కువ. మ్యూటెంట్‌లో (పాక్స్6 లేని ఎలుకలో) ముందు భాగం సెక్షన్‌నీ (పలుచని కోతనీ) కంట్రోల్‌లో (మామూలు ఎలుకలో) వెనక భాగం సెక్షన్‌నీ పోలిస్తే లెక్క తప్పుతుంది. రెండింటిలోనూ ఒకే స్థాయి సెక్షన్లు తీసుకుని, పక్క భాగాన్నీ మధ్య భాగాన్నీ విడివిడిగా లెక్కించండి.